ఒలీవయు ఇప్పయు



ఖమ్మము, కొత్తగూడెము, పాల్వంచ బజారులలోని పెద్ద దుకాణములయందు ముదురాకుపచ్చని గాజుసీసాలలో నేడు అమ్మకమునకు వచ్చుచున్న ఒలీవ నూనెను చూచి, పల్లినూనెకన్న ఎన్నోరెట్లు ఖరీదైన ఈ నూనెను కొనకపోయినచో మన గుండెలకు ఏదో లోటు జరుగునేమో అని శంకించు గృహస్థులును, సముద్రములు దాటివచ్చిన నూనెతో మనకేమి పని అని త్రోసిపుచ్చు పెద్దలును ఒకే ఇంటిలో కనబడుచున్న ఈ దినములలో, ఆ ఫలమునకును ఆ తైలమునకును గల పోషకగుణములు ఎట్టివి, వానికి ఆధారములేవి, గోదావరి అడవుల అంచున నివసించు మనము వానినుండి తెలిసికొనదగినదేమి అను విషయములను ఈ ప్రసంగమున విచారింపదలచితిని.

ఒలీవ పేరు మన ప్రాంతమునకు మరీ క్రొత్తది కాదు. దోర్నకల్లు దేవాలయపు ఛాయలో తెలుగు బైబిలు చదువుకొన్న కుటుంబములవారు నోవహు పావురము తెచ్చిన ఒలీవ ఆకును చిన్ననాటినుండియు ఎరుగుదురు; తక్కినవారు దానిని మందులషాపులో చిన్న డబ్బాలతో దొరకు పసిపిల్లల మర్దననూనెగా ఎరుగుదురు. అది వంటనూనెగా మన వాకిట నిలిచినది మాత్రము ఇటీవలనే. దానికి లోకమున వచ్చిన కీర్తి న్యాయమైనదేయని నా నమ్మకము. ఐతే ఆ కీర్తి ఏ కొలతలచేత స్థిరపడెనో ఆ కొలతలతోనే మన నేలను పుట్టు నూనెలను గూడ కొలిచి చూచుకొనవలెనని నేను గట్టిగా కోరుచున్నాను. ఈ ప్రసంగమునకు ప్రయోజనము అదియే.

వృక్షశాస్త్రజ్ఞులు ఒలీవను చేర్చిన కుటుంబమునందే మన మల్లె, జాజి, పారిజాతము గూడ చేరియున్నవి. బంధుత్వము ఇంత దగ్గరిదైనను మల్లె మన పెరటిలో విరియబూయును, ఒలీవ పూయదు. ఏలయన, పూత పట్టుటకు ముందు ఆ చెట్టునకు కొన్ని వారములపాటు గట్టి చలి తగులవలెను. వేసవిలో 45 డిగ్రీలు దాటు భద్రాచలపు ఎండలను అది ఒకవేళ ఓర్చుకొన్నను, మన పుష్యమాసపు చలి దానికి చాలదు. రాజస్థాన ప్రభుత్వము ఇజ్రాయేలు నిపుణుల తోడ్పాటుతో ఒలీవ తోటలు నాటించి, బికనీరు జిల్లా లూన్‌కరణ్‌సర్ నందు 2014లో నూనెతీయు కర్మాగారమును నెలకొల్పగలిగినదన్న, ఎడారి ప్రాంతపు శీతకాల రాత్రుల చల్లదనము అందుకు ఒక ముఖ్యకారణము.

చెట్టునుండి కోసిన ఒలీవ కాయ నోట పెట్టుకొనరానంత చేదుగానుండును. ఓల్యురోపీన్ అను పదార్థము ఆ చేదునకు హేతువు. కాయలను ఉప్పునీటిలో వారములు, నెలలు నానబెట్టియో, క్షారజలముతో కడిగియో ఆ చేదును విరుతురు. సీసాలలో వచ్చు ఒలీవ కాయలన్నియు ఇట్లు ఊరినవే. వానిలో మంచి క్రొవ్వును, పీచును, కొంత ఇనుమును కలవు గాని, ఉప్పు మిక్కిలి హెచ్చు. ఆవకాయ, చింతకాయ తొక్కు లేనిదే ముద్ద దిగని మన ఇండ్లలో, రక్తపుపోటు గలవారు ఈ కాయలను ఊరగాయల పద్దులోనే వ్రాసికొనుట మంచిది.

ఇక నూనె మాట. నువ్వులు, పల్లీలు, ఆవాలు, ప్రొద్దుతిరుగుడు మొదలగువాని నూనె గింజనుండి వచ్చును. ఒలీవ నూనె పండు కండనుండి వచ్చును. ఈ విషయమున అశ్వారావుపేట, దమ్మపేట, సత్తుపల్లి రైతులకు ఎవ్వరును ఏమియు బోధింపనక్కరలేదు, ఏలయన వారు పెంచు పామాయిల్ గెలలోని నూనెయు పండు కండనుండియే వచ్చును. గెల నరికిన దినముననే ట్రాక్టరుమీద ఫ్యాక్టరీకి చేర్చవలెనని, ఇరువదినాలుగు గంటలు దాటరాదని వారికి మొదటినుండియు చెప్పుచున్నారు. పండు చిదికిన క్షణమునుండి అందలి ఎంజైములు నూనెను విరుగగొట్టి స్వేచ్ఛా ఆమ్లములను పుట్టించుటయే ఆ త్వరకు కారణము. ఒలీవకు గూడ సరిగా ఇదే నియమము. కోసిన కాయను వెంటనే నూరి, వేడిగాని రసాయనముగాని తగులనీయక, ఆ పిండినుండి యంత్రబలముతో వేరుచేసిన నూనెలో స్వేచ్ఛా ఆమ్లము నూటికి 0.8 పాళ్లు మించక, రుచిలో దోషము లేకుండినయెడల దానిని ఎక్స్‌ట్రా వర్జిన్ అని పిలుతురు. కాయ నేలరాలి నలిగినను, గోతాములలో రోజులతరబడి కూరిపెట్టినను ఆమ్లము పెరుగును. అట్టి నూనెను శుద్ధికర్మాగారమునకు పంపి రంగు, వాసన, రుచి పోగొట్టి, మరల కొంచెము మంచినూనె కలిపి, 'ప్యూర్' అనియు 'లైట్' అనియు అమ్ముదురు. లైట్ అన్న మాటకు అర్థము రంగు, రుచి తక్కువయనియే గాని క్రొవ్వు తక్కువయని కాదు. పొమేస్ అని వ్రాసియున్నచో అది నూనె తీయగా మిగిలిన పిప్పినుండి ద్రావకముతో రాబట్టినది.

శుద్ధి చేయుటలో పోవునదేమో మన పామాయిలే చూపును. అశ్వారావుపేట ఫ్యాక్టరీలో గెలలనుండి మొదట వచ్చు నూనె నారింజ వన్నెతో ఎఱ్ఱగా నుండును. ఆ ఎఱుపు కెరోటిను. దేహములో అది విటమిన్ ఎ గా మారి కంటికి కావలయును. దుకాణమునకు వచ్చునప్పటికి ఆ నూనె పచ్చని నీటివలె తేరి, కెరోటిను లేనిదై యుండును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1990 దశకములో ఎఱ్ఱ పామాయిలుతో చేసిన తినుబండారములను బడిపిల్లలకు పెట్టి, వారి విటమిన్ ఎ స్థితి మెరుగగుటను గమనించిరి. ఇంత జరిగినను మన జిల్లాలో పండిన ఎఱుపు మన పిల్లల కంచములలోనికి రాకపోవుట నాకు బాధ కలిగించు విషయము.

ఒలీవ నూనెయందు అధికభాగము ఓలిక్ ఆమ్లము. నూటికి 55 మొదలు 83 పాళ్లవరకు అది ఉండును. సంతృప్తమైన క్రొవ్వు దాదాపు 14 పాళ్లు మాత్రమే. వెన్న, వనస్పతి వంటి గట్టి క్రొవ్వులకు బదులుగా ఓలిక్ ఆమ్లము హెచ్చుగాగల నూనెను వాడినచో, రక్తములో ధమనుల గోడలకు పేరుకొను ఎల్.డి.ఎల్. కొలెస్టరాలు తగ్గునని అనేక పరిశీలనలు నిర్ధారించినవి. బదులుగా అను మాటను శ్రోతలు గట్టిగా పట్టుకొనవలెను. ఉన్న నెయ్యి, ఉన్న వేపుడు అట్లే ఉండగా వానిమీద ఒలీవ నూనె పోసికొనుటవలన ఒనగూడునది బరువు మాత్రమే; ఏ నూనెయైనను గ్రామునకు తొమ్మిది కాలరీలు ఇచ్చును, ఒలీవకు అందులో మినహాయింపు లేదు.

ఓలిక్ ఆమ్లమే సర్వస్వమైనచో ఒలీవను ఇంతగా పొగడవలసిన పని లేకుండెడిది, ఏలయన అది ఇతర నూనెలలోను కలదు. ఒలీవ విశేషము, శుద్ధి చేయని నూనెలో స్వల్పపరిమాణమున మిగిలియుండు పాలిఫెనాలులలో నున్నది. కాయలోని చేదుకు సంబంధించినవే ఇవి. తాజా ఎక్స్‌ట్రా వర్జిన్ నూనెను ఒక చెంచాడు నోటిలో పోసికొన్నచో మిరియము తిన్నట్లు గొంతు వెనుక చురుక్కుమనును; ఆ చురుకునకు కారణమైన ఓలియోకాంథాల్ అను పదార్థము ఇబుప్రొఫెన్ అను నొప్పిమాత్ర పనిచేయు త్రోవలోనే వాపును అణచునని 2005లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆ నూనెలోని మోతాదు మాత్రతో పోల్చిన బహుస్వల్పమైనది గావున ఎవ్వరును దానిని ఔషధముగా భావింపరాదు. హైడ్రాక్సీటైరోసాల్ అను మఱియొక పదార్థము రక్తములోని క్రొవ్వులు ఆక్సీకరణమునకు లోనుగాకుండ కాపాడునని ఐరోపా సమాఖ్య 2012లో ఒప్పుకొని, దినమునకు 20 గ్రాముల నూనెతో 5 మిల్లీగ్రాములు అందినచో ఆ మాటను సీసాపై వ్రాసికొనవచ్చునని అనుమతించినది. ఇవిగాక నూరు గ్రాములకు సుమారు 14 మిల్లీగ్రాముల విటమిన్ ఇ యు కలదు.

అన్సెల్ కీస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడును అతని సహచరులును 1958లో ప్రారంభించి, ఏడు దేశములలో నలువది యేండ్లకును ఏబదితొమ్మిదేండ్లకును నడుమనున్న 12,763 మంది పురుషులను ఏండ్లతరబడి గమనించిన పరిశీలనలో, గ్రీసు దేశమునకు చెందిన క్రీటు ద్వీపవాసులలో గుండెజబ్బు మరణములు మిక్కిలి తక్కువగా కనబడెను. క్రీటువారు తిను క్రొవ్వు స్వల్పమేమియు గాదు. వారికి అందు శక్తిలో నూటికి సుమారు నలుబది పాళ్లు క్రొవ్వునుండియే వచ్చెడిది, అందులో సింహభాగము ఒలీవదే. తరువాత స్పెయినులో 7,447 మందితో జరిగిన ప్రెడిమెడ్ అను ప్రయోగమున, కొన్ని కుటుంబములకు వారమునకొక లీటరు ఎక్స్‌ట్రా వర్జిన్ నూనె, కొందరికి బాదము, అక్రోటు మున్నగు పప్పులు ఉచితముగా ఇచ్చి, తక్కినవారికి క్రొవ్వు తగ్గించుకొనుడని చెప్పి చూడగా, మొదటి రెండు పక్షములవారికి గుండెపోటు, పక్షవాతము, గుండెజబ్బుచే మరణము అనునవి దాదాపు మూడవవంతు తగ్గెను. 2013లో వెలువడిన ఆ నివేదికలో మనుష్యులను పక్షములుగా పంచుటయందు కొన్ని లోపములు బయటపడగా, పరిశోధకులే దానిని ఉపసంహరించుకొని, లెక్కలు సరిదిద్ది 2018లో మరల ప్రకటించిరి. ఫలితము ఇంచుమించుగా మునుపటిదే. తమ లెక్కలను తామే బహిరంగముగా దిద్దుకొన్నవారి మాటయందు నాకు గౌరవము హెచ్చినది.

ఐతే క్రీటు రైతు ఆ నూనెను దేనిమీద పోసికొనెనో చూడవలెను. కొండలలో కోసికొనివచ్చిన అడవి ఆకుకూరల మీదను, చిక్కుళ్లు, శనగలు ఉడికించిన గిన్నెలోను, పొట్టుతీయని గోధుమ రొట్టెమీదను పోసికొనెను; మాంసము పండుగనాటి వంట; పగలంతయు కొండపొలములలో నడక. ఆ భోజనమును వర్ణించుచుండగా మన్యపు కోయయింటి జొన్నగటకయు, చెంచలికూరయు, తుమ్మికూరయు, ఉలవచారును నాకు జ్ఞప్తికి వచ్చుచున్నవి. నూనె సుగుణము ఆ సహవాసమున పూర్ణమగును. పాలిష్ బియ్యపు అన్నము మూడుపూటలు తిని, కుర్చీలో కూర్చుండువానికి ఒక చెంచా ఒలీవ నూనె చేయగలిగినది కొద్దిపాటియే.

మన పల్లినూనెలో ఓలిక్ ఆమ్లము సగమునకు దగ్గరగా ఉండును. నువ్వులనూనెలో నూటికి నలుబది పాళ్లకు అటునిటుగా నుండుటయే గాక, సెసమిన్, సెసమోల్ వంటి రక్షకపదార్థములు దానికి సహజముగా కలవు. నువ్వులనూనె త్వరగా పాడుకాకుండుటకు అవియే కారణము. గానుగనుండి తాజాగా వచ్చి, శుద్ధికి గురికాని ఈ రెండు నూనెలను మార్చిమార్చి వాడుకొను గృహిణి ఒలీవ కొనలేదని చింతింపవలసిన పనిలేదని నా దృఢాభిప్రాయము. కొనగలవారు ఎక్స్‌ట్రా వర్జిన్‌నే కొనవలెను, చిన్నసీసాయే కొనవలెను, ముదురురంగు సీసాయే ఎన్నుకొనవలెను; వెలుతురు, వేడి, గాలి దానికి శత్రువులు, మన వైశాఖపు వంటయింటి గట్టుమీద పొయ్యిప్రక్కన పెట్టిన సీసా కొలదికాలముననే కాటువాసన పట్టును. దానిని పచ్చిగా కూరగాయ ముక్కలమీదను, ఉడికిన పప్పుమీదను పోసికొనుట ఉత్తమము. వేడి చేయరాదనుట అపోహ. పోపునకు, మామూలు కూరవేపునకు అది తట్టుకొనును. మిర్చిబజ్జీల మూకుడులో మాత్రము దానిని వ్యర్థపరుపకుడు. ఏ నూనెయైనను అంతకంటె ముఖ్యము కొలత: కూర్చుండి పనిచేయు పురుషునికి దినమునకు 25 గ్రాములు, స్త్రీకి 20 గ్రాముల నూనె చాలునని భారత వైద్యపరిశోధనా మండలి 2010లో నిర్ణయించెను. నలుగురున్న ఇంటికి నెలకు మూడులీటర్లు మించరాదని దీని తాత్పర్యము.

పసిపిల్లల మర్దన విషయమున ఒక హెచ్చరిక. ఓలిక్ ఆమ్లము హెచ్చుగానున్న నూనె చర్మపు పైపొర కట్టును సడలించుననియు, పొడిచర్మము, గజ్జి గల శిశువులకు దానిని వాడకుండుట మేలనియు ఇటీవలి పరిశోధనలు సూచించుచున్నవి. కడుపులోనికి మంచిదైనది చర్మముపైకిని మంచిదేయని తలంపరాదు.

ఇప్పుడు ఇప్పచెట్టు కడకు వత్తము. భద్రాచలము దాటి దుమ్ముగూడెము, చర్ల దారిని పోవువారికి చేల నడుమ ఒంటరిగా నిలిచిన పెద్దచెట్లు కనబడును. అడవి నరికి పోడు చేసినప్పుడు సైతము కోయలు గొడ్డలి తాకనీయక నిలిపిన ఇప్పలవి. అనేక పల్లెలలో ఏ చెట్టు క్రింది పువ్వు ఏ ఇంటివారిదో కట్టుబాటు కలదు. ఫాల్గుణ చైత్రములలో తెల్లవారుజామున రాలు పువ్వులను స్త్రీలు, పిల్లలు బుట్టలతో ఏరి ఎండబోయుదురు. ఎండిన పువ్వులో సగమునకు పైగా చక్కెరయే. సారాయి పేరిట ఆ పువ్వునకు అపకీర్తి వచ్చినది గాని, అది ఆహారముగా నిలిపిన ప్రాణములు లెక్కకు మిక్కిలి. 1941లో గోదావరి కొండలలోని కొండరెడ్లనడుమ నివసించి 1945లో వారిని గూర్చి గ్రంథము ప్రకటించిన హైమన్‌డార్ఫ్ పండితుడు, ధాన్యము నిండుకొన్న నెలలలో వారు అడవినుండి తెచ్చుకొను జీలుగుపిండిని, మామిడిజీడిని, ఇతర వన్యాహారములను గూర్చి శ్రద్ధతో వ్రాసినాడు.

పూవు రాలిన రెండుమూడు నెలలకు కాయ పండి గింజ రాలును. ఆ పలుకులో దాదాపు సగము నూనె. దండకారణ్యపు పల్లెలలో దానిని దంచి, ఆవిరిమీద ఉడికించి, రెండు కొయ్యదిమ్మెల నడుమ బిగించి నూనె పిండుకొనుట పూర్వాచారము. లేత పసుపువన్నె గల ఆ నూనె ఎండకాలమున జారుగానుండి, చలికాలమున వెన్నవలె పేరును. కూరకు, దీపమునకు, కీళ్లనొప్పులకు అదియే. మిగిలిన ఇప్పచెక్కలో సపోనిను అను విషప్రాయమగు నురుగుపదార్థము ఉండుటచే దానిని పశువులకు పెట్టరు. తలరుద్దుకొందురు, మడుగులో కలిపి చేపలను మత్తెక్కింతురు. సపోనిను నీటిలో కరగునది గాన, నూనెలోనికి రాక అధికభాగము చెక్కలోనే నిలుచును.

ఒలీవ కొలతతో ఇప్పనూనెను కొలిచినచో ఏమి తేలును? ఓలిక్ ఆమ్లము నూటికి నలుబది పాళ్లకు అటునిటు, ఇది మెచ్చదగినదే. సంతృప్తమైన క్రొవ్వు నలుబది పాళ్లు దాటును. ఇది ఒలీవకు సుమారు మూడింతలు. ఆ సంతృప్తభాగములో సగమునకు సమీపముగా స్టియరిక్ ఆమ్లము ఉండుటయు, అది తక్కిన గట్టి క్రొవ్వులవలె కొలెస్టరాలును పెంచకుండుటయు కొంత ఊరట. కావున ఇప్పనూనె ఒలీవకు సాటియని అభిమానముకొలది నేను చెప్పజాలను. ఎనుబదిపాళ్లకు పైగా సంతృప్తమైన కొబ్బరినూనెకన్న, వనస్పతికన్న ఇది మేలైనదనియు, కొలతగా వాడుకొనువారు దీనిని విడిచి సంతలో చిల్లరగా అమ్ము ఏదో పేరులేని నూనెను కొనితెచ్చుకొనుట నష్టమనియు చెప్పగలను. నేడు జరుగుచున్నది అదియే: గింజను సంతలో అమ్ముకొందురు, అది సబ్బులకు పోవును, ఆ పైకముతో ప్యాకెట్టు నూనె ఇంటికి వచ్చును.

ఒలీవకు విలువ తెచ్చినది ఆమ్లము తక్కువగానుండునట్లు తీసికొన్న జాగ్రత్త. ఇప్పకు లోపించినది సరిగా ఆ జాగ్రత్తయే. గింజ రాలు కాలము తొలకరి కాలమగుటచే తడిసి, గుడిసె మూల కుప్పపడి, బూజుపట్టి, నూనె తీయకమునుపే అందలి ఆమ్లము పెరిగిపోవును. 1956లో విశాఖపట్టణము కేంద్రముగా నెలకొల్పబడిన గిరిజన సహకార సంస్థయు, రాష్ట్రవిభజన తరువాత దాని స్థానమున తెలంగాణలో పనిచేయుచున్న సంస్థయు పువ్వును గింజను కొనుచున్నవి గాని, తూకముతోపాటు తేమను, ఆమ్లమును గూడ పరీక్షించి, బాగుగా ఆరబెట్టి తెచ్చిన కోయ స్త్రీకి హెచ్చు ధర ఇచ్చినచో రెండు మూడేండ్లలో ఆ నూనె రూపమే మారును. అశ్వారావుపేటలో గెల నాణ్యమును, నూనె శాతమును బట్టి ధర కట్టు పద్ధతి ఇదివరకే యున్నది. అదే జిల్లాలో ఇప్పగింజకు మాత్రము ఏల ఉండరాదు? పువ్వు ఏరుటకు వీలుగా చెట్టు క్రింది ఎండుటాకులకు నిప్పుపెట్టు అలవాటును మాని, చెట్టు చుట్టును వలలు కట్టి పట్టినచో పువ్వు శుభ్రముగానుండును, మొలకలు మాడవు, ముందుతరమునకు చెట్టు మిగులును. నూరేండ్ల ఇప్పల క్రింద పిల్లచెట్లు కానరాకుండుట అడవి ఎరిగినవారందరును చెప్పుకొను విచారము.

స్పెయినులో ఒలీవ తిన్నవారి రక్తమును, గుండెను ఏండ్లతరబడి పరీక్షించినట్లే ఇప్పనూనె వాడు పల్లెలలోను పరీక్షింపవలెను. అందుకు కావలసిన ప్రయోగశాలలు గల జాతీయ పోషకాహార సంస్థ 1958 నుండి హైదరాబాదులోనే యున్నది. గిరిజనాభివృద్ధి సంస్థ భద్రాచలముననే యున్నది. వచ్చు జ్యేష్ఠమున గింజ రాలకమునుపే దుమ్ముగూడెము, చర్ల మండలములలో పైకప్పు గల ఆరబోత కళ్లములు కొన్ని వేయించుట ఇప్పనూనెను మేలుపరచు పనికి మొదటి మెట్టు కాగలదు.